తిండి ఎవరికీ చెప్పదు

జూలై 10, బుధవారం

కుమారక్కకి చెప్పేశాను.

స్త్రీల కూడిక అయ్యాక మందిరం వెనక మెట్ల మీద ఇద్దరమే కూర్చున్నాం. మనం ప్రేయర్ పార్ట్‌నర్స్ కదా, నా దగ్గర దాపరికం ఏటి అంది. అంతే, ఆగలేకపోయాను. పోయినేడు పాప కడుపులోనే పోయినప్పటి నుంచి ఇలా తింటున్నానని చెప్పాను. ల్యాబ్ నుంచి వస్తూ బేకరీలో దిల్‌పసంద్ కొని, ఇంట్లో బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో తింటానని. ఆకలేసి కాదని. తిన్నాక నన్ను చూసి నాకే అసహ్యం వేస్తుందని.

కుమారక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మా ఆయనకి కూడా తెలీదక్కా అన్నాను. ఇది నీకూ నాకూ ప్రభువుకీ మధ్య అంది.

ఇంటికొచ్చి చాలా తేలిగ్గా పడుకున్నాను.

జూలై 13

బేకరీ వైపు వెళ్లలేదు. కుమారక్క పొద్దున్నే వాయిస్ మెసేజ్ పెడుతోంది. ఇవాళ కూడా జయమే సెల్లీ అని. వింటూ వంట చేశాను.

జూలై 17, బుధవారం

ల్యాబ్‌లో డెంగీ టెస్టుల రద్దీ. కూడికకి వెళ్లలేకపోయాను.

జూలై 21, ఆదివారం

ఆరాధన అయ్యాక గేటు దగ్గర లక్ష్మణమ్మగారు నా బుగ్గ నిమిరింది. సంఘంలో అందరికంటే పెద్దావిడ. కల్లాకపటం తెలీని మనిషి. బాత్రూంలో తినడమేటి తల్లీ, పీటేసుకుని కూకుని తిను, అందరం నీకోసం పార్థన సేస్తన్నాం అంది.

అందరం!

ఎవరు చెప్పారమ్మా అన్నాను. మొన్న నువ్వు రాలేదు కదా, కుమారి నీ గురించి విన్నపం పెట్టినాది, అందరం మోకాళ్ల మీద పడి ఏడిసినాం అంది.

అందుకా పాస్టరమ్మగారు ఇవాళ నా నడుం వైపు చూసింది.

మధ్యాహ్నం

ఈయన డ్యూటీలో ఉన్నాడు. అన్నం గిన్నె, ఆవకాయ, ఆ తర్వాత మిక్చర్ ప్యాకెట్. నిలబడే తిన్నాను. కుళాయి తిప్పలేదు. ఇంకెవరి దగ్గర దాచాలి.

జూలై 22

కుమారక్క ఇంటికెళ్లి అడిగేశాను. మెషీన్ మీద జాకెట్టు కుడుతోంది, ఆపలేదు. నీ మంచికే సెప్పినాను, ఒక్కదాన్నే పార్థిస్తే సాలదు కదా అంది. పేరు లేకుండా చెప్పొచ్చు కదా అన్నాను. ప్రభువు దగ్గర పేర్లు దాస్తామేటి అంది. నీలో గర్వం ఉన్నాది రేఖా, అది ముందు విరగాలి అని కూడా అంది.

మర్యాదకి టీ, బిస్కెట్లు తెచ్చి పెట్టింది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు బిస్కెట్ల ప్లేటు వెనక్కి లాక్కుంది.

ఆవిడ చెప్పిన మాటలన్నీ మర్చిపోతానేమో. ఆ ప్లేటు మర్చిపోను.

జూలై 24, బుధవారం

వెళ్లలేదు.

జూలై 26

ఈయనకి తెలిసిపోయింది. బస్సులో. టికెట్లు కొడుతుంటే సంఘంలో ఒకాయన, మీ మిసెస్‌కి ఆ తిండి విషయం తగ్గిందా ధనరాజూ అని అందరి ముందూ అడిగాడట. తగ్గిందండీ అన్నాడట ఈయన, దేని గురించో తెలీకుండానే.

ఇంటికొచ్చి చాలాసేపు యూనిఫాం విప్పలేదు. ఊరందరికీ తెలుసు, నాకు సెప్పలేదేటే అన్నాడు. అరిచినా బాగుండేది. నా కాళ్లు వాటంతట అవే వంటింటి వైపు తిరిగాయి. చూశాడు. ఎల్లు, తిను, నేను సూడను అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

వెళ్లలేకపోయాను. నిద్రా పట్టలేదు.

జూలై 27

మధ్యాహ్నం సాంపిల్స్ ముందు కూర్చుని ఒకటి అర్థం చేసుకున్నాను. తిండి ఎవరికీ చెప్పదు. అందుకే దాని దగ్గరికి పోతున్నాను. నాలుక అదుపులో లేదని ఇన్నాళ్లూ నన్ను నేను తిట్టుకున్నాను. అది కాదు. నాకు చెప్పుకునే చోటు లేదు.

మరి ప్రభువు? ఆయన దగ్గర రోజూ మోకరించాను. బరువు తగ్గించు, ఇంకో పాపనివ్వు అని అడిగాను. అసలు మాట ఒక్కసారీ అనలేదు. భయం.

వస్తూ హైవే పక్కన స్కూటీ ఆపి అనేశాను. లారీలు పోతున్నాయి. పాపనిచ్చినట్టే ఇచ్చి తీసేసుకున్నావు, నమ్మించి మోసం చేశావు అన్నాను. కుమారక్క కంటే ముందు నువ్వే చేశావు అన్నాను. హెల్మెట్ లోపల వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆకాశం విరిగి మీద పడలేదు. నేను తిట్టానని ఆయన ఎవరితోనూ అనడు.

ఇంటికొచ్చాక చూసుకుంటే బేకరీ ఎప్పుడు దాటానో తెలీదు.

ఆగస్టు 1

పాప ఎలా ఉందో ఈయన్ని అడిగాను. ఆసుపత్రిలో నేను మత్తులో ఉన్నాను. చూసింది ఈయనొక్కడే, పాతిపెట్టిందీ ఈయనే. నేను అడగలేదు, ఈయన చెప్పలేదు. ఏడాది గడిచిపోయింది.

జుత్తు బాగా ఉన్నాది, ముక్కు నీదే అన్నాడు. చెప్తూ కంచంలో అన్నం కలుపుతూనే ఉన్నాడు, ముద్ద నోట్లో పెట్టలేదు. అన్నం చేతులు ఎండిపోయేదాకా ఇద్దరం ఏడ్చాం. నాకు తినాలనిపించలేదు. ఏడుపు ఏడుపులాగే వచ్చింది, ఆకలి వేషం వేసుకోలేదు.

ఆగస్టు 4, ఆదివారం

ఇవాళ ప్రభువు బల్ల, రొట్టె పంచే ఆదివారం. వెళ్లాను. ఈయన పక్కనే నిలబడ్డాడు. రొట్టె ముక్క చేతిలో పెట్టారు. అందరూ చూస్తుండగా నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాను. తిండే నా పాపం అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆయన పిలిచింది తినమనే.

కుమారక్క పాట పాడింది, గొంతు బాగుంది. బయట ఎదురొచ్చి పార్థన ఎప్పుడు సేసుకుందాం అంది. ఇంక మనిద్దరం కలిసి వద్దక్కా అన్నాను. మొహం మాడిపోయింది. క్షమించానని రాస్తే అబద్ధం. ఇంకా లేదు.

ఆగస్టు 6

డాక్టరుగారు రిపోర్టు లేటని అందరి ముందూ కసిరారు. పకోడీ పొట్లం మొత్తం తినేశాను. సాయంత్రం ఈయనకి చెప్పాను. అలాగా, నాకేటి మిగిల్చినావు అన్నాడు. నవ్వొచ్చింది.

ఆగస్టు 11

పాపకి పేరు పెట్టాం. ప్రభువుకి చెప్పాం. ఇక్కడ రాయను.

ఆకలేసింది. అన్నం తిన్నాను.