కళ్లు మూసుకుని విన్న కేబుల్

ఆదివారం రాత్రి, గుడివాడ

ఇవాళ నేను పనిచేసే ఆడియో షాపులో ఓనరు గారి మాట కాదన్నాను. ముదినేపల్లి నుంచి ఒక రిటైర్డు మాస్టారు స్పీకర్లకి వైరు కొనడానికి వచ్చారు. ఖరీదైన కేబుల్ వేస్తే ఆయన వినే వీణ కచేరీలు ఇంకా స్పష్టంగా వినపడతాయని ఓనరు గారు చెబుతుంటే, మాస్టారు నా వైపు తిరిగారు.

"నిజమేనా అమ్మా?"

"కళ్లు మూసుకుని మీరే వినండి మాస్టారూ," అని ఆ ఖరీదైన కేబులూ, మామూలు వైరూ మార్చి మార్చి పెట్టాను. ఏది ఏదో ఆయన చెప్పలేకపోయారు. మార్చిన నాకే తేడా తెలియలేదు. నవ్వుకుంటూ మామూలు వైరే పట్టుకెళ్లారు.

ఆయన అటు వెళ్లగానే ఓనరు గారు, "నోరు మూసుకుని ఉండగలిగితేనే రేపు రా," అన్నారు.

చల్లపల్లిలో అమ్మకి ఇంకా చెప్పలేదు. కంగారు పడుతుందేమో...

రేపు పదింటికల్లా వెళ్తాను. ఎవరడిగినా విన్నదే చెబుతాను. మాన్పిస్తే ఆయనే మాన్పించాలి, నేను మాత్రం మానను.