మొదటి లారీలో చోటు

సఖినేటిపల్లి

అమ్మలూ దుర్గాభవానీ,

ఇక్కడ అందరం కులాసా. మీ కొండల్లో ఫోను మాటిమాటికీ తెగిపోతోందని ఉత్తరం రాస్తున్నాను.

మిలటరీలో నువ్వు దగ్గరుండి కట్టించిన వంతెన పూర్తయిందనీ, వచ్చే నెల బరువు పరీక్షకి దానిమీద నడిపే మొదటి లారీలో నువ్వే కూర్చుంటాననీ మీ నాన్నగారితో చెప్పావట. అమ్మకి చెప్పొద్దన్నావట. ఆయన దగ్గర మాట దాగుతుందా?

ఈ బుద్ధి నీకెక్కడిదో నాకు తెలుసు. మీ నాన్నగారు తను కట్టిన ప్రతి పడవనీ మొదట తనే ఎక్కి రేవు దాటించేరు. వద్దంటే, "కట్టినోడే ఎక్కకపోతే జనం ఎలా ఎక్కుతారే" అనేవారు. పడవ నర్సాపురం ఒడ్డు చేరేదాకా నేనిక్కడ కొంగు నులుముకుంటూ నిలబడేదాన్ని. ఒక్కటీ మునగలేదు. అయినా ప్రతిసారీ భయమే.

నిన్ను వద్దనను. నువ్వు కట్టించిన వంతెన నిలుస్తుంది. కానీ ఒడ్డున నిలబడి చూడటం ఇక నా వల్ల కాదు. ఆ లారీలో నీ పక్కన నాకు చోటిస్తారేమో మీ పెద్దాఫీసరు గారిని అడుగు. బరువు పరీక్షే కదా, నేనూ కాస్త బరువే.

రైలు టికెట్లు ఇద్దరికీ తీయమన్నాను. ఈసారి ఒడ్డున మీ నాన్నగారిని నిలబెడదాం.

మీ అమ్మ