ధాన్యం దగ్గర సైకిలు దిగాం

ఆదివారం, రాత్రి

పోయిన వారం లారీలకు భయపడి, ఆకివీడు రోడ్డు అంచున ఆరబోసిన ధాన్యం మీదుగా మా ఆదివారం సైకిలు జట్టంతా సైకిళ్లు పోనిచ్చాం. "చదువుకున్నవాళ్లు, తినే గింజల మీద సైకిళ్లెక్కిస్తారేంటండీ!" అని ఆ ధాన్యానికి కాపలా ఉన్న రైతమ్మ, అండీ అంటూనే చెడామడా తిట్టింది.

ఇవాళ ఆ చోటుకి రాగానే ముందు నేను దిగాను. నవ్వుతారేమో అనుకున్నాను, కానీ వెనకున్న పదిమందీ దిగారు. ఒకరి వెనక ఒకరం సైకిళ్లు నడిపించుకుంటూ ధాన్యం దాటాం. ఆవిడ మమ్మల్నేమీ అనలేదు. మా వెనకే బైకు మీద వచ్చినాయన్ని మాత్రం ఆపేసింది. "ఏవయ్యో, ఆ సైకిలు పిల్లల్ని చూసైనా దిగు!"

ఇంటికొచ్చేదాకా నా మొహం మీద నవ్వు పోలేదు. వచ్చే వారం కొత్తవాళ్లు ఐదుగురు వస్తామన్నారు. వాళ్లలో ఒక్కరు దిగకపోయినా... ఎలాగైనా దింపాలి. ఆవిడ ఇప్పుడు మమ్మల్ని చూపించి వేరేవాళ్లని తిడుతోంది మరి.