చెత్తకుప్ప అని పిలిస్తే

జననాల ఆఫీసరు గారికి, కోకో తోట ముసలాడు రాస్తున్నది. నా రాత వంకర, మాట కాదు.

నిన్న నా కోడలు సెర్వా బిడ్డ పేరు సుమీనా అని చెబితే, "చెత్తకుప్పా? బళ్ళో నవ్వరటమ్మా? ప్రభుత్వం ఒప్పుకోదు, మంచి పేరు పట్టుకురా పో" అన్నారట.

వీడికి ముందు పుట్టి, మంచి పేర్లు పెట్టిన ఇద్దరు బిడ్డల్నీ చావు ఎత్తుకుపోయింది. మా భాషలో సుమీనా అంటే చెత్తకుప్పే; అలా పిలిస్తే చావు తిరిగి చూడదని మావాళ్ళ నమ్మకం. అందుకే ఎనిమిదో రోజున, పేరు పెట్టే వేళ మా ఆచారం ప్రకారం నీళ్ళూ సారా నాలుకకు తాకించి, వీణ్ణి నేనే అలా పిలిచాను.

రేపు బిడ్డతో నేనే వస్తాను. నవ్వేవాళ్ళను పిలిపించండి. ముగ్గురు అన్నలు పోయాక మా అమ్మ నాకు పెట్టిన పేరూ అదే. డెబ్బై తొమ్మిదేళ్ళు నిండాయి.

ఇట్లు,
పెద్ద సుమీనా