నువ్వు ఆగని మలుపు

అన్నా,

ఈరోజు ఎల్లారెడ్డి సంతలో ఒక అవ్వ మేకను దొంగలు కారులో వేసుకుని కామారెడ్డి వైపు పారిపోయారు. నీ బిడ్డ లత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, బాగుచేయించిన నీ కారులోనే వాళ్ల వెంటపడింది. అచ్చం నీలాగే, ఒక చెయ్యి హారన్ మీదే.

మూడేళ్ల కింద ఇలాగే మేకల దొంగలను తరుముతూ నువ్వు ఆగకుండా పోయి, కారు పల్టీకొట్టి చనిపోయిన బడి మలుపు వచ్చింది. పిల్లలు రోడ్డు దాటుతున్నారు. లత కారు ఆపేసి, ముందున్న ఊళ్లో తెలిసిన ట్రాక్టరాయనకు ఫోన్ చేసింది. ఆయన రోడ్డుకు ట్రాక్టర్ అడ్డం పెట్టాడు. దొంగలు కారును, మేకను వదిలేసి పొలాల్లోకి పారిపోయారు.

మేకను అప్పగిస్తే అవ్వ అంది: “మీ నాయిన లెక్కనే ఎంబడి పడ్డవ్ బిడ్డా!”

“పడ్డ గానీ, ఆగిన అవ్వా. మేక కోసం మా నాయిన లెక్క ఇంకో పాణం పోవద్దు గదా.”

నీలాగే అవుతుందేమోనని రోజూ సాయంత్రం లత దగ్గర కారు తాళం తీసేసుకునేవాణ్ణి. ఈరోజు అడగలేదు.