పీరు దించాక వచ్చిన దగ్గు

కళ్యాణదుర్గం దగ్గర, మన ఊరు
ఆగస్టు

ప్రియమైన జయంతికి,

ఫోన్ చేస్తే తీయనన్నావు. ఉత్తరం చదవనని మాత్రం అనలేదు, అందుకే రాస్తున్నాను. మడకశిరలో ఆడపిల్లల హాస్టల్లో వంటపని కుదిరిందని మీ అమ్మ చెప్పింది. అక్కడ చాలామంది కన్నడమే మాట్లాడతారట కదా, నీ నోటికి జవాబు చెప్పేవాళ్లు దొరికారా?

ఇక్కడ గాలి ఆగడం లేదు. చేలో శెనక్కాయ ఎండిపోతోంది. వెళ్లి చూసి వస్తున్నాను, అంతే. బాధ కూడా కలగడం లేదు. అన్నం తింటున్నాను, ఉప్పు పడిందో లేదో తెలియడం లేదు.

పీర్ల పండుగ చివరి రోజు సంగతి మాత్రం లోపల తిరుగుతూనే ఉంది. మా తాత కాలం నుంచి పెద్ద పీరు ఎత్తేది మా ఇంటివాళ్లే. దాన్ని ఎత్తుకుని ఊరు చుట్టూ పరుగెత్తినంతసేపు నాకేమీ కాలేదు. చావిడిలో దించిన కాసేపటికి దగ్గు పట్టుకుంది. ఛాతీ బిగుసుకుపోయింది, గొంతులో పిల్లికూతలు. "మోసినంతసేపు స్వామి కాపాడినాడు, దించినాక శిక్షించినాడు" అన్నారు జనం. పీరు ఎత్తేవాడి ఇంట్లో పండుగ పది రోజులూ నిష్ఠగా ఉండాలి కదా, అది తప్పిందని. మా లక్ష్మీనరసమ్మ పెద్దమ్మ నలుగురిలో నీవైపు చెయ్యి చూపించి, "వానికేం తప్పు లేదప్పా, ఇంట్లో ఆడమనిషే మైల చేసింటాది" అనేసింది. ఆ సాయంత్రమే నువ్వు సంచి సర్దుకున్నావు.

పెద్దమ్మ మాట మనసులో పెట్టుకోకు. ఇంటికి రా.

ఇట్లు,
నీ కుళ్లాయప్ప

*

మడకశిర
సెప్టెంబరు

మామకు,

ఉత్తరం అందింది. కోపం తెచ్చుకుందామని చూశాను, అదీ రాలేదు. పొద్దున్నే లేస్తాను, ఉప్మాకు రవ్వ వేయిస్తాను, చేతులు వాటంతట అవే పని చేసుకుపోతాయి.

మనసులో పెట్టుకోవద్దని తేలిగ్గా రాశావు. ఆ పది రోజులూ ఒంటిపూట తిని, వేరే చాప మీద పడుకున్నదాన్ని. అది నీకు తెలుసు, నాకు తెలుసు. ఊరికి తెలియదు.

ఇక్కడ ఆటల టీచరు ఎలిజబెత్ మేడమ్ ఉంది. పిల్లలతో పరుగెత్తేటప్పుడు బాగానే ఉంటుంది. ఆగి నీడకు కూర్చున్నాక దగ్గు మొదలవుతుంది. ఈమె ఏ పీరు ఎత్తిందో అనుకున్నాను. అడిగితే ఆస్తమా అంది. చిన్నప్పుడు లేదట, ముప్పై దాటాక వచ్చిందట. కొందరికి ఒళ్లు శ్రమపడితేనే వస్తుందట, అదీ ఆగాకే ఎక్కువవుతుందట.

నీకు పండుగ రోజు ఒక్కటే వచ్చిందా, మామూలు రోజుల్లో కూడా వస్తుందా? గొప్పలకు పోకుండా నిజం రాయి.

జయంతి

*

మన ఊరు
అక్టోబరు

ప్రియమైన జయంతికి,

నువ్వు అడిగాక గుర్తు చేసుకున్నాను. చలికాలంలో పొద్దున బస్సు వెంట పరుగెత్తి ఎక్కి, సీట్లో కూర్చున్నాక దగ్గేవాణ్ణి. "ఏమన్నా, బీడీలు తగ్గించు" అనేవాడు కండక్టరు. నేను బీడీ ముట్టనని నీకు తెలుసు. శెనక్కాయ మిషను దగ్గర దుమ్ములో బస్తాలు మోసిన రోజూ అంతే. అరగంటలో అదే తగ్గిపోయేది కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

అనంతపురం పోయి ఛాతీ డాక్టరుకు చూపించుకున్నాను. వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు, ఎక్స్‌రే తీయించాడు, మిషనులోకి ఊదించాడు. అంతా బాగుంది, ఏ జబ్బూ లేదన్నాడు. సంతోషించాలి కదా. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాను. జబ్బు అని తేలితే నీ మీద పడ్డ మాట పోయేది, నువ్వు వచ్చేదానివి. జబ్బు కాదంటే మరి ఊరన్నదే నిజమా? మనకు తెలియకుండా ఇంట్లో ఏదైనా జరిగిందేమోనని ఇప్పుడు నాకే అనిపిస్తోంది.

ఇట్లు,
కుళ్లాయప్ప

*

మడకశిర
నవంబరు

మామకు,

"ఇంట్లో ఏదైనా జరిగిందేమో" అన్న ముక్క మళ్లీ మళ్లీ చదివాను. ఏడుపు రాలేదు. లేచి పోయి సంగటికి ఎసరు పెట్టాను.

ఎలిజబెత్ మేడమ్‌కు నీ సంగతి చెప్పాను. "కూర్చోబెట్టి ఊదిస్తే నాకూ బాగానే వచ్చిండె. పరిగెత్తిచ్చి, ఆగినాక మళ్లా మళ్లా ఊదిచ్చాల. అప్పుడే బయటపడ్తాది" అంది. వాన లేని రోజు ఇంటికప్పు చూసి కారడం లేదన్నట్టుంది నీకు చేసిన పరీక్ష.

ఇంకో మాట కూడా అడిగింది, దగ్గు ఎప్పుడు వస్తుందో డాక్టరుకు చెప్పావా అని. చెప్పి ఉండవు. పీరు సంగతి ఎత్తడానికి సిగ్గుపడి, వట్టి దగ్గు అని ఊరుకుని ఉంటావు. ఏ పని చేశాక వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, దుమ్ముకు చలికి ఎక్కువవుతుందా, ఇవన్నీ చెబితేనే ఆయనకు దారి దొరికేది. మళ్లీ పో.

జయంతి

*

మన ఊరు
డిసెంబరు

ప్రియమైన జయంతికి,

నువ్వు అక్కడ కూర్చుని ఇక్కడి నన్ను చదివేస్తావు. మొదటిసారి నిజంగానే దగ్గు అని మాత్రం చెప్పాను. ఈసారి పీరుతో సహా అంతా చెప్పాను. డాక్టరు నవ్వలేదు. "ఇది ముందే చెప్పాల కదప్పా" అన్నాడు.

ముందు ఒకసారి ఊదించి, ముక్కుకు క్లిప్పు పెట్టి, తిరిగే పట్టా మీద పరుగెత్తించారు. ఆగగానే ఊదితే బాగానే ఉంది. కాసేపటికి ఊపిరి లెక్క పడిపోయింది, ఇంకాసేపటికి ఇంకా పడింది. అదే బిగుతు, అవే పిల్లికూతలు. మందు పీల్పించి మళ్లీ ఊదిస్తే సర్దుకుంది. శ్రమతో వచ్చే ఆస్తమా, తేలికపాటిదే అన్నాడు. పరుగుకు పావుగంట ముందు ఇన్‌హేలర్ పీల్చాలి. ముందు కొంత నడిచి ఒళ్లు వేడెక్కించుకోవాలి. చలిలో, దుమ్ములో ముక్కుకు తువ్వాలు కట్టుకోవాలి. పీరు ఎత్తొచ్చా అంటే నిక్షేపంగా ఎత్తమన్నాడు.

డాక్టరు కాగితం పెద్దమ్మకు చూపించి చదివి వినిపించాను. "అట్లయితే సరేలేప్పా" అని చేట ముందుకు లాక్కుని కాయలు ఒలుచుకుంది. వచ్చే ఏడు కూడా నువ్వే ఎత్తాలని చావిడి చూసుకునే ముజావర్ అన్నాడు. ఇంత జరిగినా నాకు సంతోషం ఎందుకు రావడం లేదో తెలియదు. నువ్వు వస్తే వస్తుందేమో. నీ మీద మాట పోయింది కదా. ఏ రోజు వస్తావో రాస్తే బస్టాండుకు వస్తాను.

నీ కుళ్లాయప్ప

*

మడకశిర
జనవరి

ప్రియమైన మామకు,

జబ్బు తేలినందుకు నాకు సంతోషంగా ఉంది. ఒక్కసారిగా రాలేదు. తిమ్మిరెక్కిన కాలు వదిలినట్టు కొంచెం కొంచెంగా వచ్చింది, వచ్చేటప్పుడు నొప్పి కూడా పెట్టింది.

పెద్దమ్మ ఆ మాట అన్నప్పుడు నువ్వు చావిడి గుంజ పట్టుకుని వంగిపోయి ఉన్నావు. నోట మాట రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది కాబట్టి, ఆ పూటకు నీ మీద ఉన్నదంతా తీసేశాను.

కానీ మామా, దగ్గు అరగంటలో తగ్గుతుందని నువ్వే రాశావు. తగ్గాక ఇంటికి వచ్చావు. చెంబెడు నీళ్లు తాగావు. నేను సంచి సర్దుతుంటే గుమ్మంలో నిలబడి చూశావు. అప్పుడు నీ ఊపిరి బాగానే ఆడుతోంది. "నా పెండ్లాము అట్లాంటిది కాదు" అని వెనక్కి పోయి అనడానికి ఏం అడ్డం వచ్చింది? అప్పటి నుంచి ఇప్పటిదాకా కూడా అనలేదు. డాక్టరు కాగితం చేత అనిపించావు. ఆ కాగితంలో ఉన్నది నీ ఊపిరి సంగతి, నా సంగతి కాదు. రేపు ఇంకేదైనా జరిగితే, దానికి ఏ పరీక్షా లేకపోతే, నా గతేమిటి?

పెద్దమ్మ నలుగురిలో అన్నది. నువ్వూ నలుగురిలో అను. కాగితం ఇంట్లో పెట్టి పో. అన్నాక రాయి, ఆ వారమే వస్తాను. అనలేకపోతే అదీ రాయి, నేను ఏమీ అనుకోను, ఇక్కడే పిల్లలకు వండిపెట్టుకుంటాను.

ఇన్‌హేలర్ మాత్రం నాగా పెట్టకు.

నీ జయంతి