ముదిరిపోయిన జీలుగ

పామర్రు, 12 జూలై 1974, శుక్రవారం

బెజవాడ రైతుసభలో గంటసేపు మాట్లాడి సాయంత్రం బస్సు దిగాను. ఎరువు బస్తాల కోసం ఎవరినీ దేబిరించనక్కర్లేదనీ, జీలుగ చల్లి, పూత రాగానే పచ్చిగా నేలలో కలియదున్నితే చాలనీ చెప్పాను. చప్పట్లు బాగానే కొట్టారు.

బస్టాండులో కౌలురైతు యోహాను ఎదురయ్యాడు. నా మాట విని ఈ ఏడే మొదటిసారి జీలుగ వేశాడు.

"మాది మొన్ననే దున్నేశామండీ. ప్రెసిడెంటు గారూ, మీ చేను కాయ పట్టేసిందండీ."

ఇద్దరం వెళ్ళి చూశాం. కాడలు కట్టెల్లా బిగిసిపోయాయి. ఇప్పుడు దున్నినా నాట్ల లోపల కుళ్ళవు.

ఏటా మొదటి పసుప్పచ్చ పువ్వు తెంపుకొచ్చి సరోజ నా కాగితాల మీద పెట్టేది. "మీటింగులు తర్వాత, ముందు అరక కట్టించండి" అనేది. తను పోయాక ఇదే మొదటి జీలుగ.

యోహాను గట్టు మీద నిలబడి, "అమ్మగారుంటే..." అని ఆగిపోయాడు.

రేపు గన్నవరంలో సభ. పూత కనబడగానే దున్నండని అక్కడా చెప్పాలి. మా చేలో ఆ పూతను చూసింది ఏనాడూ నేను కాదని ఇంతవరకూ ఒక్క సభలోనూ చెప్పలేదు.